పెద్ద పేరు లేని కోచ్, గట్టి కోచింగ్: మోరిస్‌విల్ దగ్గర అమ్మాయిల బాస్కెట్‌బాల్ ట్రైనింగ్ రివ్యూ

నార్త్ కరోలినాలో మోరిస్‌విల్, కేరీ వైపు ఉండే మన తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా, గుళ్ళో అయినా పుట్టినరోజు ఫంక్షన్‌లో అయినా, "మీ అమ్మాయి బాస్కెట్‌బాల్ ఎవరి దగ్గర నేర్చుకుంటోంది, ఎంత తీసుకుంటారు, బాగా చెప్తారా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తే మేలనిపించింది. కోచ్ పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. ఆవిడ ఒక్కరే నడుపుకుంటున్నారు, వెబ్‌సైట్ లేదు, బోర్డు లేదు, తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన పిల్లల్నే తీసుకుంటారు. కావాల్సినవాళ్ళు నన్ను అడిగితే, ఆవిడతో ఒక మాట చెప్పి నంబర్ ఇస్తాను.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఆవిడ దగ్గర చేరి ఏడాది దాటింది. డబ్బుకి తగిన కోచింగ్ అనేది చిన్న మాట, అంతకంటే చాలా ఎక్కువే దొరుకుతోంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆవిడ ఏం చేసి వచ్చారో చెప్పాలి, ఎందుకంటే ఈ కోచింగ్‌లో నాకు నచ్చిన ప్రతి విషయం అక్కడి నుంచి వచ్చిందే.

ఆవిడ కాలేజీలో నాలుగేళ్ళు గార్డ్‌గా, అంటే బంతిని ముందుకి నడిపించే స్థానంలో, ఆడారు. స్టార్ ప్లేయర్ కాదు. మొదటి రెండేళ్ళు ఎక్కువగా బెంచ్ మీదే కూర్చున్నానని, అక్కడే ఆటని చూడడం నేర్చుకున్నానని పిల్లలకి కూడా చెప్తారు. తర్వాత పదేళ్ళకి పైగా వేర్వేరు కాలేజీల అమ్మాయిల టీములకి అసిస్టెంట్ కోచ్. హెడ్ కోచ్ ఎప్పుడూ కాలేదు. సొంత పిల్లలు పుట్టాక ఆ తిరుగుడు కుదరక మానేసి, ఇప్పుడు ఒక చిన్న జిమ్ గంటల లెక్కన అద్దెకి తీసుకుని వారానికి నాలుగు సాయంత్రాలు, శనివారం పొద్దున నేర్పుతున్నారు.

ఇది చెప్పగానే మనవాళ్ళలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న "హెడ్ కోచ్ కాలేదా, అయితే ఎందుకు?" అని. ఈ ఊళ్ళో ఉండి ఆ ప్రశ్న అడగడం నాకు బాధగా అనిపిస్తుంది. డ్యూక్ యూనివర్సిటీకీ చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీకీ మధ్య దూరం పది మైళ్ళు, అటు రాలీలో ఎన్.సి. స్టేట్. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ గుండెకాయ మన ఇళ్ళ మధ్యలోనే ఉంది. ఇక్కడి బాస్కెట్‌బాల్ చరిత్ర తిరగేస్తే సగం అసిస్టెంట్ కోచ్‌ల కథే.

బిల్ గుత్రిడ్జ్ అని ఒకాయన ఉండేవారు. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో హెడ్ కోచ్ టెక్స్ వింటర్ దగ్గర ఆడారు, ఆయన దగ్గరే అసిస్టెంట్ అయ్యారు, 1967లో చాపెల్ హిల్ వచ్చి అక్కడి హెడ్ కోచ్ డీన్ స్మిత్ పక్కన అసిస్టెంట్‌గా కూర్చున్నారు. ఆ కుర్చీలో ముప్పై ఏళ్ళు. మధ్యలో వేరేచోట హెడ్ కోచ్ అయ్యే అవకాశాలు వచ్చినా వెళ్ళలేదు. 1997 అక్టోబర్‌లో డీన్ స్మిత్ 879 విజయాలతో, అప్పటికి అదే రికార్డు, రిటైర్ అయినప్పుడు ఈయన్ని హెడ్ కోచ్ చేశారు. మొదటి సీజన్లోనే 34 గెలుపులు, ఫైనల్ ఫోర్, అంటే దేశం మొత్తంలో చివరి నాలుగు టీముల్లో చోటు. 2000లో మళ్ళీ ఫైనల్ ఫోర్. మూడే మూడు సీజన్లు చేసి దిగిపోయారు. హెడ్ కోచ్‌గా చేసింది మూడేళ్ళే కదా అని కొట్టిపారేస్తే ఆ ముప్పై ఏళ్ళూ ఏమైనట్టు? ఆ ముప్పై ఏళ్ళలో ఆయన చేతుల మీదుగా పోస్ట్ ఆట, అంటే బుట్ట దగ్గర ఆడే ఆట, నేర్చుకున్న పొడుగు ఆటగాళ్ళ లిస్టు చాలా పెద్దది.

ఆయన గురువు టెక్స్ వింటర్ సంగతి ఇంకా బాగుంటుంది. ఆయన ఎన్నో కాలేజీల్లో హెడ్ కోచ్‌గా చేసి, అరవై దాటాక 1985లో ప్రొఫెషనల్ టీము చికాగో బుల్స్‌కి అసిస్టెంట్‌గా వెళ్ళారు. మైకేల్ జోర్డాన్ ఆడిన ఆ ఆరు ఛాంపియన్‌షిప్ టీముల వెనక ఉన్న ట్రయాంగిల్ అఫెన్స్ అనే దాడి పద్ధతి ఆయన చెప్పినదే. తర్వాత బుల్స్ హెడ్ కోచ్ ఫిల్ జాక్సన్‌తో పాటు లాస్ ఏంజెలెస్ లేకర్స్ టీముకీ వెళ్ళారు. 2011లో ఈ ఆటలో గొప్పవాళ్ళ పేర్లు చేర్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు, అప్పటికి ఆయనకి 89 ఏళ్ళు.

ఆడవాళ్ళ ఆటలో అయితే నాకు హాలీ వార్లిక్ గుర్తొస్తారు. టెనెసీలో 1976 నుంచి 1980 దాకా పాయింట్ గార్డ్‌గా ఆడి, 1985లో తిరిగి అదే కాలేజీకి అసిస్టెంట్‌గా వచ్చి, హెడ్ కోచ్ పాట్ సమ్మిట్ పక్కన 27 సీజన్లు పనిచేశారు. పాట్ సమ్మిట్ గెలిచిన ఎనిమిది టైటిల్స్‌కీ ఆ బెంచ్ మీద ఈవిడ ఉన్నారు. 2011 ఆగస్టులో సమ్మిట్ తనకి మతిమరుపు జబ్బు మొదలైందని బయటపెట్టాక, ఆ సీజన్లో మ్యాచ్ నడుస్తున్నప్పుడు చూసుకునే బాధ్యత ఎక్కువగా వార్లిక్ మీదే పడింది. ప్రెస్ ముందు నిలబడింది ఆవిడే, టైమ్‌అవుట్లలో పిల్లల్ని పట్టుకుని మాట్లాడింది ఆవిడే, పక్కన కుర్చీలో గురువు ఉండగానే. అంత కష్టమైన పని ఒక అసిస్టెంట్‌కి ఇంకోటి ఉంటుందని నేను అనుకోను. కనెక్టికట్‌లో క్రిస్ డైలీ ఉన్నారు, రట్గర్స్‌లో ఆడి 1982లో అక్కడ ఛాంపియన్ అయ్యారు, 1985లో హెడ్ కోచ్ జీనో ఆరియెమాతో పాటు కనెక్టికట్ వచ్చి అక్కడే ఉండిపోయారు. ఆ టీము గెలిచిన పన్నెండు టైటిల్స్‌లో ఆవిడ లేనిది ఒక్కటీ లేదు. అయినా దారిన పోయేవాళ్ళని అడిగితే జీనో పేరే చెప్తారు.

ఇంత దూరం ఎందుకు వెళ్ళానంటే, అసిస్టెంట్ అంటే పైకి ఎదగలేనివాళ్ళు అనే లెక్క తప్పు. అది వేరే పని. హెడ్ కోచ్ టీమంతటినీ చూస్తారు, టీవీతో మాట్లాడతారు, డోనర్లని కలుస్తారు, ఎవరు ఆడాలో తేలుస్తారు. అసిస్టెంట్ ఒక్కొక్క ప్లేయర్ని చూస్తారు. ప్రాక్టీసుకి ముందు అరగంట, తర్వాత అరగంట, ఒక అమ్మాయి షాట్ వేస్తుంటే బంతి అందించేది అసిస్టెంటే, ఎడమ చెయ్యి ఎందుకు పని చెయ్యడం లేదో కనిపెట్టేది అసిస్టెంటే. రాబోయే మ్యాచ్‌లో ఎదుటి టీము గురించి స్కౌట్ తయారు చెయ్యడం ఇంకో పెద్ద పని. అసిస్టెంట్లు మ్యాచ్‌లు పంచుకుంటారు, ఎవరి వాటాకి వచ్చిన టీము పాత ఆటలన్నీ వాళ్ళు కూర్చుని చూసి, క్లిప్పులు కోసి, ఎవరు కుడివైపే వెళ్తారు, ఎవరికి దూరం నుంచి షాట్ వదిలెయ్యొచ్చు, చివరి నిమిషంలో ఏ ప్లే వేస్తారు అన్నీ ఒక పేజీకి కుదించి పిల్లలకి చెప్పాలి. పేజీ దాటితే పిల్లలు చదవరు. దీనికి తోడు కొత్త ప్లేయర్ల కోసం ఊళ్ళు తిరగడం, వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడడం, టీములో ఉన్నవాళ్ళు క్లాసులకి వెళ్తున్నారో లేదో చూడడం. హెడ్ కోచ్‌ని తీసేస్తే చాలాసార్లు వీళ్ళ ఉద్యోగాలూ పోతాయి, మూటాముల్లె సర్దుకుని ఇంకో రాష్ట్రం వెళ్ళాలి. మా కోచ్ గారు అన్ని కాలేజీలు మారడానికి కారణం అదే.

జీతాల సంగతి కూడా చాలామందికి తెలీదు. తర్వాత చాపెల్ హిల్‌లో మూడు టైటిల్స్ గెలిచిన రాయ్ విలియమ్స్, 1978లో అక్కడే పార్ట్‌టైమ్ అసిస్టెంట్‌గా చేరినప్పుడు ఏడాదికి ఇచ్చింది 2,700 డాలర్లు. ఇల్లు గడవడానికి టీము క్యాలెండర్లు అమ్మారు, డీన్ స్మిత్ టీవీ షో టేపులు ఆదివారం పూట కారులో వేసుకుని వేర్వేరు ఊళ్ళ టీవీ స్టేషన్లకి చేర్చేవారు. 1990లలో అయితే కాలేజీ ఆటల్ని నడిపే ఎన్.సి.ఏ.ఏ. ఒక రకం అసిస్టెంట్లకి ఏడాదికి 16,000 డాలర్లు మించి ఇవ్వకూడదని రూలే పెట్టింది. వాళ్ళు కోర్టుకెళ్ళి గెలిచారు, 1999లో 54.5 మిలియన్ డాలర్లకి రాజీ కుదిరింది. ఇప్పుడు పెద్ద కాలేజీల్లో బాగానే ఇస్తారు, 2023 జూలై నుంచి ఒక్కో బాస్కెట్‌బాల్ టీము మరో ఇద్దరు అసిస్టెంట్లని పెట్టుకోవచ్చని రూల్ కూడా మార్చారు. చిన్న కాలేజీల్లో మాత్రం ఇంకా ఇష్టం కొద్దీ చేసేవాళ్ళే ఎక్కువ.

సరే, ఆ అనుభవం అంతా మా అమ్మాయికి ఎలా పనికొస్తోందో చెప్తాను.

మొదటి క్లాసులో బంతి ముట్టుకోనివ్వలేదు. పరిగెత్తి రెండు కాళ్ళ మీద ఒకేసారి ఆగడం, దాన్ని జంప్ స్టాప్ అంటారు, ఆ తర్వాత ఒక కాలు కదలకుండా ఇంకో కాలితో తిరగడం, అంటే పివట్. ఇవే పదే పదే. మా అమ్మాయి ఇంటికొచ్చి "అమ్మా, డ్యాన్స్ క్లాసులా ఉంది" అని విసుక్కుంది. కానీ అంతకు ముందు లీగ్ మ్యాచ్‌లో దాని చేతికి బంతి వచ్చిన ప్రతిసారీ ట్రావెలింగ్ (బంతిని నేలకి కొట్టకుండా అడుగులు వెయ్యడం) విజిల్ వినిపించేది. రెండు నెలల్లో ఆ విజిల్ ఆగిపోయింది. బంతి పట్టుకుని కంగారు లేకుండా నిలబడి, తిరిగి, చూసి పాస్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ నిలకడ చూస్తే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

దూకి దిగడం మీద కూడా చాలా పట్టుదలగా ఉంటారు. దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకూడదు, తుంటి వెనక్కి పెట్టి మెత్తగా దిగాలి అని ప్రతి పిల్లకీ విడిగా చూపిస్తారు. ఈ ఆటలో ఏ.సి.ఎల్. అనే మోకాలి లిగమెంట్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ, దాదాపు ఏడాది ఆట పోతుంది. కాలేజీలో తన కళ్ళ ముందే ప్లేయర్లు అలా పడిపోవడం చూసిన మనిషి కాబట్టి ఆ విషయంలో ఒక్క క్లాసు కూడా వదలరు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఏ కోచ్ దగ్గరికి వెళ్ళినా ముందు ఈ ఒక్కటి నేర్పుతారా అని అడగండి.

షూటింగ్ కూడా అంతే, బుట్ట దగ్గరే మొదలు. ఒంటి చేత్తో, రెండు మూడు అడుగుల దూరం నుంచి. అది కుదిరాకే ఒక అడుగు వెనక్కి. దూరంగా ఉండే త్రీ పాయింట్ లైన్ దగ్గరికి ఎవరైనా పరిగెత్తితే వెనక్కి పిలుస్తారు. మికన్ డ్రిల్ అని ఒకటుంది, బుట్ట కింద నిలబడి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఆగకుండా వేస్తూ పోవడం, 1940లలో డీపాల్ కాలేజీలో జార్జ్ మికన్ అనే పొడుగాయన చేసిన సాధన, ఇప్పటికీ అదే. దాంతో మా అమ్మాయి ఎడమ చెయ్యి బాగుపడింది. ఇంకో మాట, బంతి సైజు. అమ్మాయిలకి ఆరో నంబర్ బంతి. ఇంట్లో అన్నయ్య కోసం కొన్న ఏడో నంబర్ బంతితో ఆడిస్తే చేతులు చాలక షాట్ వంకర అలవాటవుతుందని మొదటి రోజే చెప్పి కొత్త బంతి కొనిపించారు.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది ఫిల్మ్. క్లాసులో ఫోన్‌తో చిన్న చిన్న క్లిప్పులు తీస్తారు, రాత్రి ఒకటో రెండో పంపి కింద రెండే వాక్యాలు రాస్తారు. "మూడో సెకను దగ్గర నీ కళ్ళు ఎక్కడున్నాయో చూడు. రేపు పాస్ వచ్చేలోపే బుట్ట వైపు చూడు." అంతే. తప్పులన్నీ ఒకేసారి ఏకరువు పెట్టరు. పదేళ్ళ పాటు స్కౌట్ పేజీలు రాసిన చెయ్యి అది, ఏది వదిలెయ్యాలో తెలుసు. మా అమ్మాయి ఆ క్లిప్ నాలుగైదు సార్లు చూసుకుని పడుకుంటుంది. మేం లీగ్ మ్యాచ్ వీడియో పంపితే అది కూడా చూస్తారు, దానికి విడిగా డబ్బు తీసుకోరు.

చిన్న పద్ధతులు కొన్ని ఉన్నాయి. బుట్ట వేసిన పిల్ల, పాస్ ఇచ్చిన పిల్ల వైపు వేలు చూపించాలి. అది డీన్ స్మిత్ చాపెల్ హిల్‌లో పెట్టిన అలవాటు, పాస్ ఇచ్చినవాళ్ళకి దండం లాంటిది. అలిసిపోతే పిడికిలి పైకెత్తాలి, అదీ ఆయనదే, అడిగి బయటికొచ్చినవాళ్ళు ఊపిరి తీసుకుని తామే మళ్ళీ చెప్పి లోపలికి వెళ్ళొచ్చు. మన పిల్లలు అలిసిపోయామని చెప్పడానికి సిగ్గుపడతారు, పెద్దవాళ్ళ ముందు అసలు చెప్పరు. మా అమ్మాయి మొదట్లో పిడికిలి ఎత్తేదే కాదు. ఇప్పుడు ఎత్తుతోంది, మళ్ళీ వెళ్తోంది. మా విజయవాడ స్కూల్లో డ్రిల్ సార్ ముందు కాళ్ళు నొప్పి అనే మాట అనడానికే మాకు భయంగా ఉండేది, అందుకే నాకు ఇది ఇంత గొప్పగా కనిపిస్తోందేమో.

ఇక ఇబ్బందులు. ఇవి కూడా తెలుసుకునే వెళ్ళండి.

జిమ్ పాతది. వేసవిలో లోపల ఉక్కపోత, రెండు పెద్ద ఫ్యాన్లే దిక్కు, నీళ్ళ సీసాలు రెండు పెట్టండి. అద్దె జిమ్ కాబట్టి వేరే కార్యక్రమం ఏదైనా వస్తే ఆవిడ టైమింగ్స్ మారతాయి, ఒక్కోసారి ముందు రోజు రాత్రి మెసేజ్ వస్తుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో ఇది నిజంగా కష్టం, మా ఆయన ఆఫీసు మీటింగ్ కారులోంచి మాట్లాడాల్సి వచ్చిన రోజులున్నాయి. మీరు క్లాసు మానేస్తే, ఇరవై నాలుగు గంటల ముందు చెప్పకపోతే డబ్బు పోయినట్టే, జ్వరమొచ్చినా సరే. పిల్లలకి జ్వరం ఇరవై నాలుగు గంటల ముందు చెప్పి రాదు కదా, ఈ రూల్ మార్చాలని ఆవిడకీ చెప్పాను, ఇంకా మార్చలేదు. పేమెంట్ జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పంపే పద్ధతి) లోనే, రసీదు అడిగితే ఇస్తారు. ఆగస్టు మొత్తం సెలవు.

అమ్మానాన్నలు కోర్టు పక్కన నిలబడకూడదు. పైన మెట్ల మీద కూర్చోవాలి, అక్కడి నుంచి అరవకూడదు. మన నాన్నలు కొందరికి ఇది నచ్చక మాన్పించారు. నాకు మాత్రం ఇది సరైన పద్ధతి అనిపిస్తుంది, ఎందుకంటే మేం పక్కనుంటే మా అమ్మాయి షాట్ వేశాక బుట్ట వైపు కాకుండా మా మొహాల వైపు చూసేది.

స్కాలర్‌షిప్ ఆశతో వెళ్ళేవాళ్ళకి ఆవిడ నచ్చకపోవచ్చు. "కాలేజీ టీములో పడుతుందా?" అని అడిగితే పన్నెండేళ్ళ పిల్ల గురించి ఆ మాట ఎవరూ చెప్పలేరని మొహం మీదే చెప్తారు. కాలేజీల కోసం పిల్లల్ని వెతుకుతూ ఊళ్ళు తిరిగిన మనిషి ఆవిడ, ఏం చూస్తారో తెలిసే చెప్తున్నారు. షాట్ పడనప్పుడు పిల్ల మొహం ఎలా ఉంది, బెంచ్ మీద కూర్చున్నప్పుడు చప్పట్లు కొడుతోందా, కోచ్ మాట్లాడుతుంటే కళ్ళు ఎక్కడున్నాయి, ఇవి కూడా రాసుకునేదాన్నని అన్నారు. మేం అంతకుముందు చేర్పించిన ఒక క్లబ్‌లో అయితే మొదటి రోజే కాలేజీ మాట ఎత్తి, యూనిఫామ్‌కి, బ్యాగ్‌కి, టోర్నమెంట్ హోటళ్ళకి కలిపి చాలా కట్టించుకున్నారు. కోర్టు నిండా పిల్లలు, ఒకే కోచ్, మా అమ్మాయి పేరు సీజన్ చివరికి కూడా ఆయన నోట సరిగ్గా రాలేదు. ఇక్కడ మొదటి రోజే పేరు ఎలా పలకాలో నాలుగుసార్లు అడిగి నేర్చుకున్నారు, ఇంటి పేరుతో సహా.

ఆడపిల్లలకి ఆడ కోచ్ ఉండడం కూడా నాకు ముఖ్యం. నెలసరి రోజుల్లో ఏం చెయ్యాలి, స్పోర్ట్స్ బ్రా ఎప్పటి నుంచి, ఇలాంటివి మా అమ్మాయి నాకంటే ముందు ఆవిడని అడిగింది. ఆ రాత్రి ఆవిడ నాకు ఫోన్ చేసి, "ఇలా అడిగింది, నేను ఇలా చెప్పాను, మీరు ఒకసారి మాట్లాడండి" అన్నారు. కాలేజీలో హాస్టల్ పిల్లలకి అమ్మలా, అక్కలా ఉండాల్సింది అసిస్టెంట్లే, ఆ అలవాటే ఇది. డర్హమ్‌లో డ్యూక్ అమ్మాయిల టీముకి 2020లో హెడ్ కోచ్‌గా వచ్చిన కారా లాసన్ అంతకుముందు బోస్టన్ సెల్టిక్స్‌లో, అంటే మగవాళ్ళ ఎన్.బి.ఏ. టీములో, అసిస్టెంట్‌గా చేశారు. కాలేజీలో పాట్ సమ్మిట్ దగ్గర ఆడిన ఆవిడే. మా కోచ్ గారు పిల్లలందర్నీ ఒకసారి డ్యూక్ అమ్మాయిల మ్యాచ్‌కి తీసుకెళ్ళి, "బంతిని చూడకండి, పది నిమిషాలు బెంచ్‌ని చూడండి" అన్నారట. ఎవరు ఫౌల్స్ రాసుకుంటున్నారు, బయటికొచ్చిన ప్లేయర్ పక్కన ఎవరు వెళ్ళి కూర్చుంటున్నారు, టైమ్‌అవుట్‌లో బోర్డు ఎవరి చేతిలో ఉంది, ఇవన్నీ మా అమ్మాయి ఇంటికొచ్చి మాకు వర్ణించి చెప్పింది. అప్పటి నుంచి మా ఇంట్లో టీవీలో మ్యాచ్ వస్తే మేం కూడా బెంచ్ వైపే చూస్తున్నాం.

ఫీజు: ఒక్కరికే అయితే గంటకి 60 డాలర్లు, నలుగురి గ్రూపులో ఒక్కొక్కరికి 35. గ్రూపే తీసుకోండి, ఎదురుగా ఇంకో పిల్ల లేకుండా డిఫెన్స్ నేర్చుకోలేరు, ఆవిడ కూడా అదే చెప్తారు. నలుగురికి మించి ఎంత బతిమాలినా తీసుకోరు. ఐదో తరగతి కంటే చిన్న పిల్లల్ని కూడా తీసుకోరు, వాళ్ళని ముందు ఊరి పార్కుల లీగ్‌లో సరదాగా ఆడనివ్వండి అంటారు. పరుగు బూట్లు కుదరవు, బాస్కెట్‌బాల్ బూట్లే ఉండాలి. క్లాసుకి గంటన్నర ముందే తినిపించండి, మేం ఇడ్లీలైనా అరటిపండైనా పెడుతున్నాం, అన్నం తిని వెంటనే వస్తే పిల్లలు పరిగెత్తలేరు. సెప్టెంబర్ బ్యాచ్‌లో మంగళవారం సాయంత్రం ఒక గ్రూపులో ఇద్దరికి చోటుందని మొన్న చెప్పారు, ఆరో తరగతి, ఏడో తరగతి అమ్మాయిలయితే సరిపోతుంది.